సున్నా గీతలో అత్తగారు

మా అత్తగారి ఉమ్మిని ఏడాదిగా ఫ్రిజ్‌లో దాస్తున్నానంటే వినేవాళ్ళు ఒకలా చూస్తారు. ఇంట్లో ఫ్రిజ్ కాదండీ, మా ల్యాబ్ ఫ్రిజ్ అని చెప్పినా ఆ చూపు మారదు. అందుకే మొదటినుంచీ చెప్పుకొస్తాను, కాస్త ఓపిక పట్టండి.

పిల్లల ఆస్పత్రి వెనక ఉన్న పాత భవనంలో మా ల్యాబు. రక్తంలోనో మూత్రంలోనో ఉమ్మిలోనో ఏ మందు ఎంత ఉందో లెక్కగట్టి చెప్పడం నా ఉద్యోగం. గుండె లయ తప్పే చంటిపిల్లలకి ప్రొప్రనలాల్ అని ఒక మందు ఇస్తారు. తక్కువైతే పనిచేయదు, ఎక్కువైతే ప్రమాదం. అందుకని మడమలో సూది గుచ్చి, రక్తం తీసి మాకు పంపుతారు. ఒకసారి పనిమీద వార్డులోకి వెళ్ళి ఆ మడమలు చూశాను. నా బొటనవేలంత మడమ, దానిమీద పాత చుక్కలు, కొత్త చుక్కలు. నా తెల్లకోటు కనబడగానే ఒక బుజ్జిది కాళ్ళు రెండూ పొట్టలోకి లాక్కుంది. నేను సూది తెచ్చినదాన్ని కూడా కాదు. పాలు తాగే పిల్లకి అప్పుడే ఇంత భయం నేర్పామే అనిపించింది.

సూది బదులు బుగ్గలో దూదిపుల్ల తిప్పితే సరిపోదా అన్నది నా ఆలోచన. నొప్పి లేదు, ఏడుపు లేదు. చిక్కల్లా ఒకటే. చంటిపిల్ల ఇచ్చే ఉమ్మి చుక్కో రెండు చుక్కలో, అందులో మందు ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకోవాలి.

ఆ పట్టుకునేది నా నల్లపొడి. పెన్సిల్ ములుకూ, దీపం మసీ, వజ్రమూ అన్నీ కార్బన్ వంశమే. ఆ వంశంలో కడగొట్టు సంతానం ఈ నానో కార్బన్. కంటికి ఆనని పల్చటి రేకులు. చిటికెడు పొడిలోని రేకులన్నీ విప్పి పరిస్తే మా ల్యాబు నేలంతా నిండుతుంది. ఉమ్మిలో వేసి గిలకొడితే, తడికాగితానికి తడికాగితం అతుక్కున్నట్టు మందు వచ్చి ఆ రేకులకి అతుక్కుంటుంది. రేకులకి ముందే ఇనుప రేణువులు తగిలించి ఉంచుతాం కనక, గొట్టం పక్కన అయస్కాంతం పెడితే నలుపంతా పోలోమని ఆ గోడకి పరిగెడుతుంది. మిగతాది పారబోసి, పొడిని కడిగి, కాస్త ఆల్కహాల్ పోస్తే మందు పట్టు వదిలి బయటికొస్తుంది. ఆ చుక్కని యంత్రానికిస్తే తెరమీద గీత గీస్తుంది. మందు ఉంటే గీత కొండలా లేస్తుంది, లేకపోతే చదునుగా సాగిపోతుంది.

ఆ చదునుగీతంటే మా పెద్దసారుకి ప్రాణం. ఎంత గొప్ప కొండ చూపించినా కళ్ళజోడు పైకి తోసి "సున్నా ఏదమ్మా?" అంటారు. మందు వాడని మనిషి ఉమ్మిలో యంత్రం సున్నా చూపిస్తేనే, మందు వాడేవాళ్ళ ఉమ్మిలో అది చూపించే కొండని నమ్మాలి. మాటలో న్యాయం ఉంది, కాదనను. రోజూ వినాల్సి రావడమే బాధ. వెనకాల అందరం ఆయన్ని సున్నా సారంటాం. ఆయనకీ తెలుసు.

పైగా సారుకి ఏ మందూ వాడని మనిషే కావాలి. అలాంటివాడు ఎక్కడ దొరుకుతాడు? ల్యాబులో అందరం నడిచే మందులషాపులమే. సారుకి షుగరూ, బీపీ, ఇంకా ఆయన పైకి చెప్పనివీ. పక్కబల్ల అక్కకి థైరాయిడ్. నాకు పొద్దున్నే తుమ్ములు, వాటికో మాత్ర. అలా అందరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటుంటే నాకు మా అత్తగారు గుర్తొచ్చారు.

మా అత్తగారు గడియారాలు బాగుచేస్తారు. వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్న విద్య. వీధి మలుపులో తలుపంత వెడల్పు షాపు. ఒక కంటికి భూతద్దం బిగించి, సన్నటి పట్టకారుతో ఆవగింజలో సగముండే స్క్రూని ఎత్తి చోటులో కూర్చోబెడుతుంటే చూసేవాళ్ళం ఊపిరి బిగబట్టాలి. ఇక ఆవిడ గొప్పలు రెండు. మొదటిది, ఆవిడ ముట్టుకున్న గడియారం మళ్ళీ ఆగదు. రెండోది, "బుద్ధెరిగాక నేను మాత్ర మొహం చూడలేదు." తలనొప్పి వస్తే "వచ్చిన దారినే పోతుంది" అంటారు. జలుబు చేస్తే అసలు గుర్తించరు, దానికే సిగ్గేసి పోతుంది. మా ఆయన మాత్రం నెలకోసారి మొదలుపెడతాడు. "అమ్మా, ఇంక చాల్లే. ఆ షాపు తాళం నాకిచ్చేసి హాయిగా ఇంట్లో కూచో." "హాయిగా కూచోడానికి నాకేం రోగమా?" అని ఆవిడ కసురుతారు. తాళంచెవి ఎప్పుడూ ఆవిడ నడుముకే.

ఉమ్మి కావాలని అడిగితే ఆవిడ మొహం చాటంతైంది. "నా ఉమ్మి కూడా ఒకళ్ళకి పనికొస్తుందా? ఎంత కావాలి?" అని అప్పటికప్పుడే సీసా అందుకున్నారు. యంత్రంలో పెడితే గీత ఎక్కడా తల ఎత్తలేదు. సున్నా సారు తెరముందు నిలబడి మురిసిపోయారు. "ఇదీ సున్నా అంటే! మీ అత్తగారు బంగారమమ్మా." ఆ మాట ఇంటికి మోసుకెళ్ళాను. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. గడియారం పట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ "పెద్ద ల్యాబులో నాది సున్నా వచ్చింది" అని చెప్పుకున్నారు. వాళ్ళు పాపం ఓదార్చి వెళ్ళేవారట.

ఏడాదిపాటు పద్ధతిని సానబెట్టాం. చివరికి పిల్లల వార్డు డాక్టరమ్మ శుక్రవారం వచ్చి చూస్తానంది. తన కళ్ళెదుట సరిగ్గా వస్తే రోజూ సూది గుచ్చడం మానేసి దూదిపుల్ల మొదలుపెడతానంది. తేడా వస్తే మాత్రం "సూదే నయం, మళ్ళీ ఈ మాట ఎత్తకండి" అని కూడా అంది. పాత ఉమ్మి అయిపోయింది. అత్తగారి దగ్గర కొత్త సీసా నింపించుకుని సోమవారం యంత్రంలో పెట్టాను.

కొండ లేచింది. చిన్నా చితకా కొండ కూడా కాదు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు ముందు పొడిని తిట్టాను. కొత్త పొడి చేశాను. గొట్టాలు మార్చాను, ఆల్కహాల్ మార్చాను, చేతులు తోముకుని తోముకుని తోలు లేపుకున్నాను. మంచినీళ్ళు పెడితే గీత చదును. నా ఉమ్మి పెడితే చదును. అత్తగారి సీసా పెట్టగానే మళ్ళీ కొండ. గురువారానికి తలప్రాణం తోకకొచ్చింది.

సున్నా సారు కాగితాలన్నీ పక్కపక్కన పరిచారు. "నీళ్ళలో లేదు, నీలో లేదు. మీ అత్తగారిలో ఉంది. నిప్పులేనిదే పొగ రాదమ్మా."

"మా అత్తగారు మాత్ర మింగరు సార్."

"అడిగావా?"

"అడగక్కర్లేదు సార్. ఆవిడ అబద్ధం ఆడరు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "చూడమ్మా. యంత్రాన్నైనా నమ్ము, అత్తగారినైనా నమ్ము. రెండూ ఒకేసారి కుదరవు."

నాకు ఒళ్ళు మండింది. "అయితే అత్తగారినే నమ్ముతాను" అని చేతిలో ఉన్న గొట్టాల స్టాండుని బల్లమీద ఠంగుమనిపించాను. అత్తలేని కోడలు ఉత్తమురాలని సామెత కట్టిన లోకం ఇది. అందులో అత్తగారి మాటకోసం ఏడాది కష్టాన్ని కాలదన్నుకున్న కోడలు నేనొక్కదాన్నే అయ్యుంటాను. కాలదన్నుకోవడమే మరి. ఆవిడ మందు వేసుకోనప్పుడు, నా పొడి ఇంకేదో పట్టుకుని మందని చెబుతోందన్నమాట. ఆవిడ నోట్లో పొరబడ్డది పసిపిల్ల నోట్లో పొరబడదని హామీ ఏముంది? దొంగ కొండని చూసి డాక్టరమ్మ ఏ పసిదానికో మందు తగ్గించిందంటే ఆ పాపం ఎవరిది? రేపు డాక్టరమ్మ రాగానే మా పద్ధతి పనికిరాదని నేనే చెప్పేయాలి. మడమలకి సూదులు తప్పవు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర నా మొహం చూసి మా ఆయన జోలికి రాలేదు. అత్తగారే అడిగారు. "ఏమైందమ్మాయ్, అలా ఉన్నావు?"

మొత్తం చెప్పుకొచ్చాను. కొండ సంగతి, సారు అన్న మాట, నేను స్టాండు విసురుగా పెట్టిన సంగతి కూడా. "మీ మీద అంత మాటంటే ఊరుకుంటానా అత్తయ్యా? యంత్రం చెడింది గానీ మీరు చెడలేదన్నాను."

"ఆ మాటకేం గానీ, మీరు వెతికే ఆ మందు పేరేమిటీ?"

"చెప్పానుగా. పిల్లల మందు."

"పిల్లల మందుకి పేరుండదా?"

"ప్రొప్రనలాల్."

ఆవిడ గ్లాసు కిందపెట్టారు. ఈమధ్య ఆవిడ గ్లాసు సగమే నింపుకుంటున్నారు. చూశాను గానీ ఎందుకని అడగలేదు. "అయితే రేపు మానేస్తానని చెప్పేస్తావా?" అన్నారు. చెప్పక తప్పదన్నాను. లేచి తన గదిలోకి వెళ్ళిపోయారు. నా కష్టం చూసి బాధపడ్డారనుకున్నాను.

శుక్రవారం పొద్దున్న డాక్టరమ్మ వచ్చింది. మనిషి చురుకు, మాట పొదుపు. వార్డునుంచి రెండు దూదిపుల్లలు తెచ్చింది, ఒకటి మందు వాడుతున్న పాపది, ఒకటి ఇంకా మొదలుపెట్టని బాబుది. వచ్చీరాగానే చేతిగడియారం చూసుకుని, అది ఆగిపోయిందని గుర్తొచ్చి చెయ్యి దులిపింది. "కానివ్వండి, నాకు రౌండ్స్ ఉన్నాయి."

సున్నా సారు నావంక చూశారు. ఆయన మొహంలో గెలిచానన్న భావం ఉంటే నాకు కోపమైనా వచ్చేది. జాలి ఉంది. నేనే ఆ కొండ కాగితాలు చేతికి తీసుకున్నాను. "మేడం, మొదలుపెట్టే ముందు మీకొక సంగతి చెప్పాలి."

"ఆగమ్మాయ్!"

గుమ్మంలో అత్తగారు. షాపు ఆప్రాన్ విప్పలేదు, భూతద్దం నుదుటిమీదికి తోసి ఉంది. వెనక వాచ్‌మన్ "అమ్మా, లోపలికి పోకూడదమ్మా" అని బతిమాలుతున్నాడు. ఆవిడ సరాసరి నా బల్ల దగ్గరికొచ్చి, ఆప్రాన్ జేబులోంచి మాత్రల అట్ట తీసి పెట్టారు. సగం గళ్ళు ఖాళీ.

"నీ పొడి నిజమే చెప్పింది. నేనే చెప్పలేదు."

నేను అట్ట తిప్పి చూశాను. ప్రొప్రనలాల్.

"వానలు మొదలైనప్పట్నుంచీ చేతులు వణుకుతున్నాయే. స్క్రూ ఎత్తబోతే ఎగిరి ఎక్కడో పడుతోంది. డాక్టరు దగ్గరికెళ్తే ఇది పెద్ద జబ్బేం కాదు, కొందరికి వయసుతో వచ్చే వణుకు, పొద్దున్నే ఒకటి వేసుకోండి అన్నాడు. వేసుకుంటే నిలబడ్డాయి."

"మరి ఇంట్లో చెప్పొచ్చుగా అత్తయ్యా!"

"ఎలా చెప్తాను? నీ మొగుడు తాళంచెవి కోసం కాచుక్కూచున్నాడు. పైగా మాత్ర మొహం చూడలేదని ఇంటింటికీ చాటుకున్నదాన్ని. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"చెప్పకపోతే పోయారు. సీసాలోకి ఉమ్మెందుకిచ్చారు?"

ఆవిడకి రోషం వచ్చింది. "నువ్వు వెతికేది పిల్లల మందన్నావు. నాది ముసలాళ్ళ మాత్ర. రెండూ ఒకటేనని నాకు కలొచ్చిందా? రాత్రి నువ్వు పేరు చెప్పాక కదా అద్దం పెట్టుకుని అట్ట మీద చదువుకున్నాను!"

ముందు నవ్వింది డాక్టరమ్మ. అంత పొదుపు మనిషీ బల్ల పట్టుకుని నవ్వింది. తర్వాత సున్నా సారు, పక్కబల్ల అక్క, ఆఖరికి వాచ్‌మన్. నేనే నవ్వలేకపోయాను. తాళంచెవి పోతుందని ఇంట్లో చెప్పని మాటని ఇంతమంది ముందు చెప్పడానికి ఆవిడ షాపు మూసి మరీ వచ్చారు. నా పొడి పరువు కోసం. నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు కూడా.

సారు కుర్చీ లాగి వేశారు. "కూచోండమ్మా. మీకంటే మంచి పరీక్ష మాకు దొరకదు." ఆవిడ ఉమ్మి ఒక గొట్టంలో, నాది ఒక గొట్టంలో తీశారు. ఏది ఎవరిదో నాకు తెలియకుండా డాక్టరమ్మ చీటీలు పీకేసి అటూ ఇటూ మార్చి, ఆ వరస తను రాసి పెట్టుకుంది. తను తెచ్చిన పుల్లల్ని కూడా అలాగే పేర్లు లేకుండా గొట్టాల్లో ముంచింది. నేను పొడి వేశాను, గిలకొట్టాను, అయస్కాంతం పెట్టాను. నలుపు గోడకి పరిగెత్తింది. చిత్రమేమిటంటే ఆ పూట వణికింది నా చేతులు. "నెమ్మదిగా, మోచెయ్యి బల్లకి ఆనించుకో" అన్నారు అత్తగారు. ఆనించుకుంటే నిజంగానే కుదురుకుంది.

మొదటి గీత చదును. రెండోది కొండ. మూడోది చదును. నాలుగోది చిన్న కొండ, పసిపిల్ల గుప్పెడంత.

డాక్టరమ్మ తను రాసుకున్న వరసతో పోల్చి చూసింది. ఒక్కటి తప్పలేదు. "రెండోది మీరేనమ్మా" అని అత్తగారికి చూపించింది.

అత్తగారు తెరకి దగ్గరగా వెళ్ళి ఆ కొండని కిందనుంచి పైదాకా చూశారు. "అబ్బో, బాగానే లేచానే!"

"ఇక ఈ మాత్ర సంగతి ఏ డాక్టరుకీ మీ కోడలికీ ఎప్పుడూ దాచకండి" అని ఆవిడతో చెప్పి, డాక్టరమ్మ నావైపు తిరిగింది. "సోమవారంనుంచి దూదిపుల్లలు మొదలుపెడదాం. పోల్చి చూసుకోడానికి కొన్నాళ్ళు వారానికొక్క సూది ఉంచుదాం. రోజూ గుచ్చేది ఈ ఆదివారంతో సరి." అలవాటుగా మళ్ళీ గడియారం చూసుకుంది. అత్తగారు చెయ్యి చాపారు. "ఆగిపోయింది కదూ? ఇలా ఇచ్చి వెళ్ళండి, రేపు తీసుకుందురు."

ఇక మిగిలింది మా ఆయన. సాయంత్రం పని కాగానే ఫోన్ చేసి, షాపుకి కలిసి వెళ్దాం రమ్మన్నాను. దారిలో అంతా చెప్పాను. షాపు గుమ్మం ఎక్కుతూనే మొదలుపెట్టాడు. "అందుకే చెబుతున్నానమ్మా, ఇంక ఆ తాళం..."

"తాళం సంగతి తర్వాత" అన్నాను. "ముందు నా సంగతి చూడు. అత్తయ్య సున్నాకి పనికిరారు. రేపట్నుంచి ఉమ్మి నువ్వే ఇవ్వాలి. నువ్వేం మాత్రలు వాడవు కదా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన చెయ్యి గభాల్న నెత్తిమీదికి పోయింది.

"వాడతావా?"

"మాత్రంటే మరీ మాత్ర కాదు. జుట్టు రాలకుండా... ఆఫీసులో ఒకాయన చెప్పాడు..."

అత్తగారు ఎంత నవ్వారంటే కంటికున్న భూతద్దం ఊడి ఒళ్ళో పడింది. "నా చేతులు నిలబడ్డాయిరా, నీ జుట్టు నిలబడిందా?" ఆయన నెత్తి మరోసారి తడుముకుని, తనూ నవ్వేశాడు.

నవ్వు తగ్గాక ఆవిడ అద్దం తుడిచి బిగించుకుని డాక్టరమ్మ గడియారం మూత విప్పారు. మేమిద్దరం గుమ్మంలోనే నిలబడిపోయాం. పట్టకారు లోపలికి దిగింది, చూపుకి అందని ఒక చక్రాన్ని ఎత్తింది, తుడిచింది, మళ్ళీ దాని చోట కూర్చోబెట్టింది. ఎక్కడా తొణకలేదు. సోమవారంనుంచి నేను తిట్టిపోసిన కొండ ఇదే కదా అనిపించింది. తెరమీద అది నాకు మచ్చలా కనబడింది. ఇక్కడ ఆవిడ వేళ్ళలో నిలకడగా ఉంది. మా ఆయన ఆ చేతులవంకే చూస్తున్నాడు. వాళ్ళమ్మ పనిచేస్తుంటే ఆయన ఇంతసేపు నిలబడి చూడటం నేనెప్పుడూ చూడలేదు.

"అమ్మాయ్" అన్నారావిడ తల ఎత్తకుండానే. "అంత చదువుకున్నావు, అంత యంత్రం ఉంది. దాన్ని కాదని నన్నెందుకు నమ్మావే?"

"మీరంటే ఇష్టం అత్తయ్యా. ఇంకేం కారణం లేదు."

"పిచ్చిమొహమా" అన్నారు. గొంతు కొంచెం వణికింది. దానికి మాత్ర లేదు.

గడియారం నడిచింది. చీకటి పడకముందే సామానంతా సర్దేశాం. ఆవిడ నడుమునున్న తాళంచెవి విప్పి కొడుకు చేతిలో పెట్టారు. "వెయ్యరా, షట్టరు కిందిదాకా లాగాలంటే వంగలేకపోతున్నాను." ఆయన షట్టరు లాగి, తాళం వేసి, గట్టిగా పడిందో లేదో రెండుసార్లు గుంజి చూశాడు. తర్వాత తాళంచెవిని వాళ్ళమ్మ అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

"పొద్దున్న నేనొచ్చి తీస్తాను. మాత్ర వేసుకుని రా" అన్నాడు.